కొత్త ఇంజిన్ పెట్టాక జీపు ఎందుకు మరిగింది?

శృంగవరపుకోట దాటి అరకు వైపు కొంత దూరం వెళ్లగానే రోడ్డు అనంతగిరి ఘాట్ ఎక్కుతుంది. గత ఏడాది ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఆ ఘాట్ సగం దూరంలో మా బాబాయి జీపు ఆగిపోయింది. అందులో సంతకు వెళ్లే నలుగురు మనుషులు, ఆరు బస్తాల ఉల్లిపాయలు ఉన్నాయి. బానెట్ సందుల్లోంచి ఆవిరి వస్తోంది. బాబాయి తొందరపడ్డాడు. చేతికి గోనె గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పాడు. గుడ్డ అరచేతిని కాపాడింది కానీ, ముంజేయి మీద బొబ్బలు లేచాయి. ముఖం పక్కకు తిప్పుకుని ఉండటంతో కళ్లు దక్కాయి.

అంతకు నాలుగు నెలల ముందు, డిసెంబరులో, ఆ జీపులోని పాత పెట్రోల్ ఇంజిన్ తీయించి రెండున్నర లీటర్ల టర్బో డీజిల్ ఇంజిన్ పెట్టించాడు. చలికాలమంతా బండి బాగానే నడిచింది. ఎండలు ముదిరాక, బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఇలా మరగడం మొదలుపెట్టింది. ఒకరు ఇంజినే మంచిది కాదన్నారు, ఇంకొకరు రేడియేటర్ చిన్నదన్నారు. బండి అమ్మేద్దామా అన్న మాట కూడా ఇంట్లో వచ్చింది. ఆ సమయంలోనే బాబాయి నాకు ఫోన్ చేశాడు. "ఫిజిక్సు చదివినావు కదరా, వేడి సంగతే కదా, ఏటైందో వచ్చి సూడు" అన్నాడు.

నేను మెకానిక్‌ను కాను. కానీ వేడి ఎక్కడ పుడుతోంది, ఎలా ప్రయాణిస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది నిజంగానే భౌతికశాస్త్రం ప్రశ్న. స్పానర్ పట్టుకునే ముందు థర్మామీటర్ పట్టుకుంటే ఆ ప్రశ్నకు జవాబు ఎంత సులువుగా దొరుకుతుందో ఆ జీపు దగ్గరే నాకు తెలిసింది.

మూత తిప్పితే ఏమవుతుంది?

ముందుగా బాబాయి చేతికి తగిలిన గాయం సంగతి. రేడియేటర్ మూత ఉత్త మూత కాదు, అది ఒక పీడన కవాటం. లోపలి పీడనం నిర్ణీత స్థాయి దాటేవరకు అది తెరుచుకోదు. పీడనం పెరిగితే నీటి మరిగే స్థానమూ పెరుగుతుంది. సముద్ర మట్టం దగ్గర బయటి గాలి కంటే 0.5 బార్ ఎక్కువ పీడనం నిలిపే మూత ఉంటే నీరు సుమారు 111 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 0.9 బార్ మూతతో అది దాదాపు 119 డిగ్రీలు. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ పనిచేసేదీ ఇదే సూత్రం మీద.

ఇలా మూసి ఉన్న వ్యవస్థలో 10 లీటర్ల నీరు 115 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. మూత తీయగానే పీడనం ఒక్కసారిగా మామూలు స్థాయికి పడిపోతుంది. ఆ పీడనంలో నీరు 100 డిగ్రీలకు మించి ద్రవంగా ఉండలేదు. అదనంగా ఉన్న 15 డిగ్రీల వేడి కొంత నీటిని అక్కడికక్కడే ఆవిరి చేస్తుంది. నీటి విశిష్టోష్ణం, బాష్పీభవన గుప్తోష్ణం తీసుకుని లెక్కవేస్తే సుమారు 280 గ్రాముల నీరు ఆవిరవుతుంది. అది చిన్న అంకెలాగే కనిపిస్తుంది. కానీ ఆ ఆవిరి ఘనపరిమాణం 450 లీటర్లు దాటుతుంది. అదంతా మూత సైజు రంధ్రంలోంచి, మరుగుతున్న నీటిని కూడా తోసుకుంటూ బయటికి రావాలి. వేడెక్కిన బండి మూతను కనీసం అరగంటైనా ముట్టుకోవద్దని చెప్పేది ఇందుకే. పై హోస్ పైపును పైపైన తాకి చూసినప్పుడు వేడి లేదనిపించాకే, గుడ్డ వేసి, మూతను నెమ్మదిగా మొదటి గాడి వరకు మాత్రమే తిప్పి, పీడనం పూర్తిగా పోయాక తీయాలి.

పది గీజర్ల వేడి

ఇప్పుడు ఇంజిన్ సంగతి చూద్దాం. బరువుతో కలిపి ఆ జీపు సుమారు 2,000 కిలోలు. ఎనిమిది శాతం వాలు ఉన్న రోడ్డు మీద గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే, టైర్ల నిరోధం, గేర్లలో పోయే శక్తి కూడా కలుపుకొని ఇంజిన్ దాదాపు 20 కిలోవాట్లు ఇవ్వాలి. కానీ ఇలాంటి ఇంజిన్ ఇంధనంలోని శక్తిలో సుమారు మూడో వంతునే చక్రాలకు పంపగలదు. ఇంకో మూడో వంతు సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. మిగిలిన మూడో వంతులో ఎక్కువ భాగం ఇంజిన్ గోడల ద్వారా కూలెంట్‌లోకి వస్తుంది. అంటే ఘాట్ ఎక్కుతున్నంతసేపూ రేడియేటర్ దాదాపు 20 కిలోవాట్ల వేడిని గాలిలోకి వదులుతూ ఉండాలి. స్నానాల గదిలోని గీజర్ 2 కిలోవాట్లు ఉంటుంది. పది గీజర్లు ఒకేసారి వేస్తే ఎంత వేడో అంత.

అదే జీపు చదును రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఇంజిన్ మీద భారం సుమారు 12 కిలోవాట్లే. రేడియేటర్ వదలాల్సిన వేడి కూడా దాదాపు అంతే. పైగా వేగం రెట్టింపు కాబట్టి ఎదురుగాలీ రెట్టింపు. ఘాట్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. వేడి దాదాపు రెట్టింపవుతుంది, గాలి సగమవుతుంది. బాబాయి జీపు మైదానంలో బుద్ధిగా ఉండి కొండ మీద మాత్రమే మరగడానికి మూలం ఇదే.

ఈ వేడి బయటపడే దారిలో మూడు మజిలీలు ఉన్నాయి. ఇంజిన్ లోహం నుంచి నీటికి, నీటి ద్వారా రేడియేటర్‌కు, రేడియేటర్ నుంచి గాలికి. రేడియేటర్ అన్న పేరు వింటే వేడి వికిరణం ద్వారా పోతుందేమో అనిపిస్తుంది. లెక్కవేస్తే అది నిజం కాదు. 95 డిగ్రీల దగ్గరున్న ఆ జీపు రేడియేటర్ ముందు వెనుక ముఖాలు రెండూ కలిపి వికిరణం ద్వారా వదిలేది సుమారు 200 వాట్లే. వదలాల్సిన వేడిలో అది ఒక శాతం. మిగిలిన 99 శాతం పని రెక్కల సందుల్లోంచి దూసుకెళ్లే గాలిది, అంటే ఉష్ణ సంవహనానిది.

ఈ సంగతిని కార్ల తయారీదారులు తొలినాళ్లలోనే గ్రహించారు. 1886లో కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో నీటిని ఆవిరిగా వదిలేసి ఇంజిన్‌ను చల్లబరిచేవారు, దారిలో మళ్లీ నీళ్లు పోసుకుంటూ ఉండాల్సి వచ్చేది. 1901 నాటి మెర్సిడెస్ 35 హెచ్‌పి కారుకు విల్‌హెల్మ్ మేబాక్ తేనెపట్టు ఆకారపు రేడియేటర్ తయారు చేశాడు. దానిలో 8,070 సన్నని గొట్టాలు ఉండేవి. గాలి తగిలే ఉపరితలం అంతగా పెరగడంతో తొమ్మిది లీటర్ల నీరే సరిపోయింది. నేటి రేడియేటర్లన్నీ దాని వారసులే.

ఇంజిన్ మారితే ఇంకా ఏమేం మారతాయి?

కంపెనీ ఒక బండిని రూపొందించేటప్పుడు ఇంజిన్, నీటి పంపు, రేడియేటర్, ఫ్యాన్, గ్రిల్, బానెట్ కింది ఖాళీ జాగా అన్నీ ఒకదానికొకటి సరిపోయేలా చూసుకుంటుంది. మనం ఇంజిన్ ఒక్కటే మార్చినప్పుడు ఈ పొత్తు చెదిరిపోతుంది. కొత్త ఇంజిన్ పొడవు వేరు కాబట్టి ఫ్యాన్ రేడియేటర్‌కు దూరం జరగవచ్చు. హోస్ పైపుల వంపులు మారతాయి. రేడియేటర్ మూత కంటే సిలిండర్ హెడ్ ఎత్తులోకి వస్తే అక్కడ గాలి బుడగ చిక్కుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీది మీటర్ పాతది, ఇంజిన్‌లోని సెన్సర్ కొత్తది అయితే రెంటికీ లెక్క కుదరదు. బండి వేడెక్కినప్పుడు వీటిలో ఏది కారణమో బయటికి చూస్తే తెలియదు. అన్నిటి లక్షణం ఒకటే, సూది ఎర్ర గీత వైపు వెళ్లడం.

రెండు ప్రయత్నాలు, రెండు వైఫల్యాలు

నేను వెళ్లేసరికే రెండు ప్రయోగాలు జరిగిపోయాయి. మొదట థర్మోస్టాట్ తీసేశారు. మన దగ్గర ఇది చాలా పాత చిట్కా. థర్మోస్టాట్ అంటే మైనం నింపిన చిన్న కవాటం. నీరు 82 డిగ్రీలకు చేరగానే మైనం కరిగి వ్యాకోచించి రేడియేటర్ దారిని తెరవడం మొదలుపెడుతుంది. అదే లేకపోతే దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా, ఇంకా చల్లగా ఉంటుంది కదా అన్నది ఆ చిట్కా వెనుక ఆలోచన. తీసేశాక బండి ఇంకా త్వరగా వేడెక్కింది.

అలా ఎందుకైందని అడిగితే షెడ్డులో వినిపించిన వివరణ, "నీరు మరీ స్పీడుగా పోతోంది, రేడియేటర్‌లో చల్లబడే టైమ్ దొరకట్లేదు" అని. ఇది చాలామంది నమ్మే మాట. ఒక లీటరు నీరు రేడియేటర్‌లో తక్కువసేపు ఉంటుందన్నది నిజమే. కానీ అదే నీరు ఎక్కువసార్లు తిరిగి వస్తుంది. పైగా నీరు వేగంగా తిరిగితే రేడియేటర్ పై నుంచి కింది దాకా వేడిగానే ఉంటుంది, కాబట్టి గాలికి అందే వేడి పెరుగుతుందే తప్ప తగ్గదు.

అసలు కారణం బైపాస్. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీరు రేడియేటర్‌కు వెళ్లకుండా లోపలే తిరగడానికి ఒక చిన్న దారి ఉంటుంది. ఇలాంటి చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ రెండు పనులు చేస్తుంది. రేడియేటర్ దారిని తెరుస్తూనే కిందనున్న పళ్లెంతో ఈ బైపాస్‌ను మూసేస్తుంది. థర్మోస్టాట్ పీకేస్తే బైపాస్ శాశ్వతంగా తెరుచుకుని ఉంటుంది. వేడి నీటిలో కొంత భాగం రేడియేటర్ ముఖం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి వెళ్లిపోతుంది.

రెండో ప్రయత్నం ఖర్చుతో కూడినది. విశాఖ ఆటోనగర్ వెళ్లి ఇంకా మందమైన, గొట్టాల వరుసలు ఎక్కువున్న రేడియేటర్ కొని బిగించారు. దానితో పాటు 0.9 బార్ మూత వచ్చింది. బండి మరగడం తగ్గినట్టు అనిపించింది. కానీ దానికి కారణం మూత. నీరు అంతకుముందులాగే వేడెక్కుతోంది, మరిగే స్థానం మాత్రం పైకి జరిగింది. ఘాట్ పైభాగానికి వచ్చేసరికి ఇంజిన్ శబ్దం మారడం, బలం తగ్గడం అలాగే ఉన్నాయి. ఇలాగే నడిపితే సిలిండర్ హెడ్ వంగిపోవచ్చు, హెడ్ గ్యాస్కెట్ కాలిపోవచ్చు. అప్పుడు ఇంజిన్ మళ్లీ విప్పాలి.

ముందు కొలత, తర్వాతే మరమ్మతు

మేం చేసిన మొదటి పని థర్మోస్టాట్ తిరిగి పెట్టడం. పెట్టేముందు దాన్ని పరీక్షించాలి. దారానికి కట్టి, గిన్నెలో నీళ్లు పోసి, పక్కన థర్మామీటర్ ఉంచి పొయ్యి మీద పెట్టాం. "ఇంజిన్ సామాన్లు నా పొయ్యి మీదకే రావాలా?" అని పిన్ని విసుక్కుంది. సుమారు 83 డిగ్రీల దగ్గర కవాటం కదిలింది, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. కింది పళ్లెం కూడా పూర్తిగా కిందికి దిగింది. అంటే దానిలో ఏ లోపమూ లేదు.

తర్వాత డ్యాష్‌బోర్డు మీటర్‌ను నమ్మడం మానేశాం. కొన్ని మల్టీమీటర్లతో థర్మోకపుల్ అనే సన్నని తీగ వస్తుంది. దాన్ని తగిలించిన చోట ఉష్ణోగ్రత డిగ్రీల్లో కనిపిస్తుంది. అలాంటివి నాలుగు తెచ్చుకున్నాం. ఒకటి రేడియేటర్ పై హోస్ బిగించిన లోహపు మూతికి, ఒకటి కింది హోస్ మూతికి, ఒకటి గ్రిల్ ముందు, ఒకటి రేడియేటర్ ముఖానికి ఒక మూలలో గాలి లోపలికి వెళ్లే చోట కట్టాం. పైపుల మీద పెట్టిన వాటికి బయటి గాలి తగలకుండా గుడ్డ చుట్టాం. మీటర్ సూది మధ్యలో ఉందని చూపిస్తున్నప్పుడు నీరు నిజానికి 98 డిగ్రీల దగ్గర ఉందని అప్పుడే తెలిసింది.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ వాడేవారికి ఒక జాగ్రత్త. అది వస్తువు నుంచి వచ్చే వికిరణాన్ని చూసి ఉష్ణోగ్రత చెబుతుంది. మెరిసే ఇత్తడి, అల్యూమినియం చాలా తక్కువ వికిరణాన్ని వెలువరిస్తాయి, చుట్టుపక్కల వికిరణాన్ని అద్దంలా ప్రతిఫలిస్తాయి. అందుకే మెరిసే పైపు మీద గన్ పెడితే అసలు కంటే చాలా తక్కువ చూపించవచ్చు. కొలిచే చోట నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీద కొలిస్తే నమ్మదగిన అంకె వస్తుంది.

తేడా చెప్పే సంగతి

రెండు పైపుల మధ్య తేడాయే ఇక్కడ అసలు ఆధారం. నీరు మోసుకెళ్లే వేడి మూడింటి మీద ఆధారపడుతుంది. సెకనుకు ఎంత నీరు పారుతోంది, ఆ నీటి విశిష్టోష్ణం ఎంత, రేడియేటర్‌లోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు ఉష్ణోగ్రతల తేడా ఎంత. మోయాల్సిన వేడి ఒకటే అయినప్పుడు, ప్రవాహం తగ్గితే తేడా పెరగక తప్పదు.

దీన్నిబట్టి ఒక సులువైన సూత్రం వస్తుంది. బండి బరువుతో ఎక్కుతూ వేడెక్కినప్పుడు పై పైపు, కింది పైపు మధ్య 25, 30 డిగ్రీల తేడా ఉంటే నీరు సరిగా తిరగడం లేదు. పంపు, బెల్టు, మూసుకున్న గొట్టాలు, నలిగిన హోస్, థర్మోస్టాట్ చూడాలి. తేడా పది డిగ్రీల లోపే ఉండి, రెండు పైపులూ మండుతున్నాయంటే నీరు బాగానే తిరుగుతోంది, వేడిని తీసుకునే గాలే చాలడం లేదు.

రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలో, అంతే బరువు వేసుకుని, బాబాయి నడుపుతుంటే నేను పక్కన కూర్చుని అంకెలు రాసుకున్నాను. ఘాట్‌లో కొంత దూరం వెళ్లేసరికి పై పైపు 112, కింది పైపు 106. తేడా ఆరు డిగ్రీలే. 20 కిలోవాట్ల వేడికి ఆరు డిగ్రీల తేడా అంటే నిమిషానికి దాదాపు 48 లీటర్ల నీరు తిరుగుతున్నట్టు లెక్క. పంపుకు ఏ దోషమూ లేదు.

ఇక గాలి వైపు. గ్రిల్ ముందు గాలి 38 డిగ్రీలు. కానీ రేడియేటర్ మూలలోకి వెళ్తున్న గాలి 58 డిగ్రీలు! బయటి గాలి కంటే 20 డిగ్రీలు ఎక్కువ వేడి గాలి రేడియేటర్‌లోకి ఎలా వస్తోంది? బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగా రేడియేటర్ పక్క సందుల దగ్గర సన్నని కాగితం ముక్క పెట్టి చూశాం. అది ఇంజిన్ వైపు నుంచి ముందుకు ఎగిరింది. ఒకసారి రేడియేటర్ దాటి వేడెక్కిన గాలి, పక్క సందుల్లోంచి ముందుకు వచ్చి మళ్లీ అదే రేడియేటర్‌లోకి వెళ్తోంది.

ఉష్ణోగ్రతల తేడా ఎంత ఎక్కువైతే వేడి అంత వేగంగా పోతుందన్నది న్యూటన్ చెప్పిన మాట. 20 కిలోవాట్లు వదలడానికి ఆ రేడియేటర్‌కు నీటికీ గాలికీ మధ్య సుమారు 57 డిగ్రీల తేడా కావాలనుకుందాం. గాలి 38 ఉంటే నీరు 95 దగ్గర నిలబడుతుంది. లోపలికి వెళ్లే గాలి సగటున 55 అయితే నీరు 112 దాకా వెళ్లి కానీ నిలబడదు. గాలి ఎన్ని డిగ్రీలు పెరిగితే నీరూ దాదాపు అన్ని డిగ్రీలు పెరుగుతుంది. డిసెంబరులో బయటి గాలి 22 డిగ్రీలు ఉన్నప్పుడు ఇదే లోపం ఉన్నా నీరు వంద దాటలేదు. లోపం మొదటి రోజు నుంచీ ఉంది, ఎండాకాలం దాన్ని బయటపెట్టింది.

పారేసిన రేకు ముక్క

గాలి వెనక్కి ఎందుకు తిరుగుతోందో బానెట్ ఎత్తి చూస్తే అర్థమైంది. కొత్త ఇంజిన్ ఫ్యాన్ రేడియేటర్‌కు 12 సెంటీమీటర్ల వెనుక ఉంది. పాత ఇంజిన్‌తో ఫ్యాన్ చుట్టూ ఒక రేకు తొడుగు ఉండేది. ఇంజిన్ మార్చేటప్పుడు అది కొత్త ఫ్యాన్‌కు సరిపోలేదని తీసి పక్కన పడేశారు. దాన్ని చాలామంది వేళ్లకు రక్షణ కోసం పెట్టినది అనుకుంటారు. దాని అసలు పని వేరు.

రేడియేటర్ 50 సెంటీమీటర్ల వెడల్పు, 42 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం. ఫ్యాన్ సుమారు 40 సెంటీమీటర్ల వృత్తం. వైశాల్యాలు లెక్కవేస్తే ఫ్యాన్ కప్పేది రేడియేటర్‌లో 60 శాతమే. తొడుగు ఉంటే ఫ్యాన్ లాగే గాలి అంతా రేడియేటర్ మూలల నుంచి కూడా వచ్చి తీరాలి. తొడుగు లేకపోతే ఫ్యాన్‌కు సులువైన దారి పక్కలే. రెక్కల సందుల్లోంచి లాగడం కష్టం కాబట్టి, ఇంజిన్ చుట్టూ ఉన్న వేడి గాలినే లాగి తిప్పుతుంది. కొత్తగా కొన్న మందమైన రేడియేటర్ ఈ కష్టాన్ని ఇంకా పెంచింది. మందం ఎక్కువైతే గాలికి అడ్డూ ఎక్కువే.

మరమ్మతు సులువుగానే అయిపోయింది. ఊళ్లోనే రేకు పని చేసే అతను ఫ్యాన్ చుట్టూ కొత్త తొడుగు చేశాడు. ఫ్యాన్ ఆకుల మందంలో సగం తొడుగు లోపల, సగం బయట ఉండేలా, అంచులకు రెండు సెంటీమీటర్ల జాగా ఉండేలా చూశాడు. ఇంజిన్ తన మౌంటింగుల మీద కొద్దిగా ఊగుతుంది కాబట్టి ఆ జాగా అవసరం. రేడియేటర్‌కు, బాడీకి మధ్య సందులను రబ్బరు పట్టీలతో మూశాం. మొత్తం ఖర్చు రేడియేటర్‌కు పెట్టినదానిలో పదో వంతు కూడా కాలేదు.

రెండు రోజుల తర్వాత అదే బరువుతో, అదే ఘాట్‌లో, 39 డిగ్రీల ఎండలో మళ్లీ కొలిచాం. మూలలోకి వెళ్తున్న గాలి 42 డిగ్రీలు. పై పైపు 96, కింది పైపు 90. రెండు పైపుల మధ్య తేడా అప్పుడూ ఆరే, ఇప్పుడూ ఆరే. ఎందుకంటే మోయాల్సిన వేడీ మారలేదు, నీటి ప్రవాహమూ మారలేదు. రెండు అంకెలూ కలిసి 16 డిగ్రీలు కిందికి దిగాయి.

మీ బండి వేడెక్కుతుంటే

అన్ని బండ్లకూ కారణం ఇదే ఉండదు. కానీ వెతకాల్సిన వరుస మాత్రం దాదాపు ఒకటే.

మొదట, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ఆగి ఉన్నప్పుడు, ట్రాఫిక్‌లో వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే ఫ్యాన్ వైపు చూడాలి. హైవే మీద వేగంగా వెళ్తున్నప్పుడు వేడెక్కితే నీటి ప్రవాహం, మూసుకుపోయిన రేడియేటర్, లేదా పంపు లాగే ఒత్తిడికి నలిగిపోతున్న కింది హోస్ పైపు కారణం కావచ్చు.

కరెంటు ఫ్యాన్ పెట్టించుకుంటే అది ఏ వైపు తిరుగుతోందో చూడండి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ గాలిని ముందుకు తోస్తుంది, ఎదురుగాలితో పోట్లాడుతుంది. బండి ఆపి, ఫ్యాన్ తిరుగుతుండగా గ్రిల్ మీద కాగితం పెట్టండి. అతుక్కుంటే సరిగా ఉన్నట్టు, ఎగిరిపోతే తప్పు.

నీరు నింపేటప్పుడు బండి ముందు భాగం ఎత్తులో ఉంచి, గాలి బుడగలు పోయేవరకు నెమ్మదిగా పోయాలి. ఇంజిన్ హెడ్ రేడియేటర్ కంటే ఎత్తులో ఉంటే, అన్నిటికంటే పైన చిన్న ట్యాంకు పెట్టించి అక్కడి నుంచి నింపడం మంచిది. హెడ్‌లో గాలి చిక్కుకుంటే ఆ చోట లోహానికి నీరు తగలదు, మీటర్ కూడా అబద్ధం చెబుతుంది.

బోరు నీళ్లు పోయకండి. కఠిన జలం వల్ల పేరుకునే సున్నపు పొర పోత ఇనుముతో పోలిస్తే ఇరవై రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. మన మైదానాల్లో నీరు గడ్డకట్టదు కదా, కూలెంట్ ఎందుకు అనుకోవద్దు. దానిలో తుప్పును ఆపే రసాయనాలు ఉంటాయి, మరిగే స్థానాన్ని కూడా అది కొంత పెంచుతుంది.

చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్ నీటిలో ఆగకుండా బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని పొగ నీటిలోకి వస్తోందేమో చూడాలి. మెకానిక్‌ల దగ్గర నీలం రంగు ద్రవంతో చేసే పరీక్ష ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ తగిలితే అది పసుపు రంగుకు మారుతుంది. అదే నిర్ధారణ అయితే ఫ్యాన్లు, రేడియేటర్లు మార్చి లాభం లేదు.

ఇంకో మాట. ఇంజిన్ మార్చడం కేవలం షెడ్డులో తేలే పని కాదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఇలాంటి మార్పులకు రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి కావాలి, ఆర్‌సీలో నమోదు కావాలి. ఇంజిన్ మార్చే ఆలోచన ఉంటే ముందు అక్కడ అడిగి తెలుసుకోండి.

బాబాయి జీపు అమ్మలేదు. చేతి మీది మచ్చ అలాగే ఉంది. రెండు థర్మోకపుల్ తీగలు పైపులకు కట్టే ఉంచాడు. ఘాట్ పైకి చేరాక ఆగి, మీటర్ తగిలించి, రెండు అంకెలూ సామాన్ల లెక్క రాసే పుస్తకంలోనే ఒక మూల రాసుకుంటాడు. మొన్న ఫోన్ చేసినప్పుడు బాగోగుల కంటే ముందు అదే చెప్పాడు. "పైన తొంబయ్యైదు, కింద ఎనభైతొమ్మిది. ఆరే ఉందిరా" అన్నాడు.